గోటితో పోయేదానికి గొడ్డలి: పిల్లిగోళ్ళ చరిత్ర

గోటితో పోయేదానికి గొడ్డలెందుకు అంటారు మనవాళ్ళు. ఈ సామెత పుట్టినప్పుడు ఎవరి మనసులోనూ పిల్లులు ఉండి ఉండవు గానీ, పిల్లిగోళ్ళ చరిత్ర చదివితే అచ్చంగా దానికోసమే పుట్టిందా అనిపిస్తుంది. మూడు వారాలకోసారి ఐదు నిమిషాలు కూర్చుని కొసలు కత్తిరిస్తే అయిపోయే పనికి, ఏకంగా వేళ్ళ చివరి ఎముకలే తీయించేయడం అమెరికాలో అర్ధశతాబ్దానికి పైగా మామూలు వైద్యంగా చెల్లిపోయింది. చేసినవాళ్ళు కసాయివాళ్ళు కాదు. చేయించినవాళ్ళు పిల్లుల్ని ప్రేమించనివాళ్ళూ కాదు. మరి ఎలా జరిగిందబ్బా ఇది, అన్నదే నన్ను పట్టుకున్న ప్రశ్న.

ఇంతకీ నేను ఇందులోకి ఎందుకు దిగానంటే, మా టీములో ఇదివరకు పనిచేసిన కుర్రాడొకడు ఇప్పుడు డాలస్‌లో ఉంటున్నాడు. భార్యాభర్తలిద్దరూ ఒక పిల్లిని తెచ్చుకున్నారు. కొత్తగా అద్దెకు చూసుకున్న అపార్ట్‌మెంటు వాళ్ళు మాత్రం, డీక్లా చేయించిన పిల్లులకే అనుమతి అని లీజులో రాశారట. మా ఇంట్లోనూ పిల్లి ఉంది కాబట్టి ఇలాంటి ప్రశ్నలు నాకే వస్తుంటాయి. "అన్నా, గోళ్ళు తీయించడమే గదా, ఒకసారి చేయించేస్తే పీడా పోతుంది, ఏమంటావ్?" అని అడిగాడు. తప్పు అతనిది కాదు. ఆ మాట వింటే ఎవరికైనా గోళ్ళు పీకేయడం అనే అనిపిస్తుంది. అసలు తిరకాసు ఆ మాటలోనే ఉంది.

మన గోరు వేలికొస మీద చర్మంలోంచి పెరుగుతుంది. పిల్లిది అలా కాదు. వేలి చివరి ఎముకను అంటిపెట్టుకుని, అక్కణ్ణించే పెరుగుతుంది. గోరు మళ్ళీ రాకుండా చెయ్యాలంటే ఆ ఎముకను కీలు దగ్గర కోసి తీసెయ్యాలి. పిల్లికి ముందుకాళ్ళకు ఐదేసి, వెనకకాళ్ళకు నాలుగేసి, మొత్తం 18 గోళ్ళు. ముందుకాళ్ళకు మాత్రమే చేయించినా 10 ఎముకలు పోతాయి. మన చేతులతో పోల్చుకుంటే, పది వేళ్ళనీ గోరున్న కణుపు దగ్గర కోసెయ్యడం అన్నమాట. పైగా పిల్లి మనలా పాదం మొత్తం ఆనించి నడవదు, వేళ్ళ మీద నడుస్తుంది. కాబట్టి ఈ ఎముకలు పోతే పోయేది గోకే సామర్థ్యం ఒక్కటే కాదు, నడకకు పునాది కూడా.

మరి ఈ జంతువును మనం ఇంట్లోకి రానిచ్చిందే దేనికి? ఆ గోళ్ళూ పళ్ళూ ఉన్నందుకే. సైప్రస్‌లో షిల్లూరోకాంబోస్ అనే చోట సుమారు 9,500 ఏళ్ళ కిందటి ఒక సమాధిలో, మనిషి పక్కనే పూడ్చిన పిల్లి అస్థిపంజరం దొరికిందని ఫ్రెంచి పురావస్తు శాస్త్రవేత్తలు 2004లో ప్రకటించారు. వ్యవసాయం మొదలయ్యింది, ధాన్యం నిలవ చేసుకున్నారు, ధాన్యం కోసం ఎలుకలొచ్చాయి, ఎలుకల కోసం పిల్లులొచ్చాయి. ఎవరూ పనిగట్టుకుని మచ్చిక చెయ్యలేదు. రెండు పక్షాలకూ లాభం ఉంది కనక ఒప్పందం కుదిరింది, అంతే.

మన ఊళ్ళలోనూ అదే ఒప్పందం. పిల్లి వీధిలో, గాదె దగ్గర, అటకమీద తిరిగేది. పాలూ పెరుగూ దానికి అందకూడదంటే ఉట్టి కట్టేవాళ్ళు. పిల్లి శాపాలకు ఉట్లు తెగుతాయా అన్న మాట అలా వచ్చిందే. ఇక్కడ గమనించాల్సిందేంటంటే, సమస్య వచ్చినప్పుడు వస్తువు స్థానం మార్చారు గానీ పిల్లిని మార్చలేదు. గోళ్ళ గురించి ఎవరూ పట్టించుకోలేదు, ఎందుకంటే చెట్లూ గోడలూ ఎక్కే పిల్లికి అవి వాటంతటవే అరిగిపోతాయి. నేను మా పిల్లి గోళ్ళు తీస్తుంటే మా అమ్మ, "పిల్లికి క్షవరం చేసేవాణ్ణి నిన్నే చూశాన్రా" అంది :) ఆవిడ చూసిన పిల్లులకు నిజంగానే ఆ అవసరం లేదు.

అవసరం ఎక్కడ మొదలైందంటే, పిల్లి పూర్తిగా ఇంట్లోకి వచ్చేసినప్పుడు. దీనికి ఒక తేదీ చెప్పమంటే నేను 1947 అంటాను. ఆ ఏడాది అమెరికాలో మిషిగన్ రాష్ట్రానికి చెందిన ఎడ్ లో అనే ఆయన, ఫ్యాక్టరీల్లో నేలమీద ఒలికిన నూనె పీల్చడానికి వాడే ఒక రకం బంకమన్నును పిల్లుల మరుగుకోసం అమ్మడం మొదలుపెట్టాడు. అప్పటిదాకా జనం ఇసకో, బూడిదో, రంపపుపొట్టో పెట్టేవాళ్ళు. ఈయన 5 పౌన్ల సంచికి 65 సెంట్లు ధర పెట్టి, సంచి మీద కిట్టీ లిట్టర్ అని రాశాడు. ఆ మట్టి ఏ జాతిదో తెలుసా? మన ఆడవాళ్ళు ముఖానికి పూసుకునే ముల్తానీ మట్టి జాతే!

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, వాసన సమస్య తీరిపోయాక పిల్లి రాత్రింబవళ్ళు ఇంట్లోనే ఉండటం సాధ్యమైంది. బయటికి వెళ్ళే పని లేదు, చెట్టు లేదు, గోడ లేదు. గోళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి. గోకడం పిల్లికి పొగరు వల్ల వచ్చే పని కాదు. గోరు పైపొర ఊడగొట్టుకోవడానికి, ఒళ్ళు సాగదీసుకోవడానికి, పంజాలోని గ్రంథుల వాసన అంటించి ఇది నా జాగా అని చెప్పుకోవడానికి గోకుతుంది. ఇంట్లో దానికి దొరికిన చెట్టు ఏది? సోఫా! మన భాషలో చెప్పాలంటే, డిప్లాయ్‌మెంట్ ఎన్విరాన్‌మెంట్ మారింది, కోడ్ మాత్రం పాతదే. అంతవరకూ ఫీచర్ అనుకున్నది రాత్రికి రాత్రి బగ్ అయిపోయింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే పిల్లిగోరంటే భయం కూడా కొత్తగా పుట్టింది. 1950లో పారిస్‌లో రాబర్ట్ డెబ్రే అనే వైద్యుడు, పిల్లి గీరడం వల్ల వచ్చే జ్వరాన్నీ గ్రంథుల వాపునూ ఒక ప్రత్యేకమైన జబ్బుగా వర్ణించాడు. దానికి కారణం బార్టొనెల్లా హెన్సెలే అనే బాక్టీరియా అని 1990లలో గానీ తేలలేదు. అది పిల్లి ఒంటిమీది గోమార్ల ద్వారా ఒక పిల్లినుంచి మరో పిల్లికి పాకుతుంది. అంటే అసలు నివారణ గోమార్లు లేకుండా చూసుకోవడం. రోగనిరోధక శక్తి తగ్గిన హెచ్ఐవి రోగులకోసం అమెరికా ప్రభుత్వ ఆరోగ్యశాఖ ఇచ్చిన సూచనల్లో కూడా, పిల్లికి డీక్లా చేయించమని సలహా ఇవ్వలేదు. గీతలు పడకుండా జాగ్రత్తపడమన్నారు, పడితే వెంటనే కడుక్కోమన్నారు.

1952లో షికాగో పశువైద్యుడొకాయన, పిల్లిగోళ్ళు శాశ్వతంగా తీసేసే పద్ధతి గురించి అమెరికా పశువైద్య సంఘం పత్రికకు ఒక లేఖ రాశాడు. అక్కణ్ణించి అది నెమ్మదిగా పాకింది. గుర్రాల స్థానంలో కార్లొచ్చాక అమెరికా పశువైద్యులు కుక్కలూ పిల్లుల వైపు మళ్ళారు. సోఫాలు కొనే మధ్యతరగతి పెరిగింది. పిల్లికి సంతానం కలగకుండా ఆపరేషన్ చేయించేటప్పుడు, ఒకే మత్తులో గోళ్ళు కూడా తీయించెయ్యండని ప్యాకేజీగా అమ్మిన క్లినిక్కులు బోలెడు. 2001లో ఒక పరిశోధకుడు వేసిన అంచనా ప్రకారం, అమెరికాలోని పెంపుడు పిల్లుల్లో దాదాపు నాలుగో వంతు అలా గోళ్ళు పోగొట్టుకున్నవే.

ఇందులో చేదు హాస్యం ఏంటంటే, చాలాకాలం ఈ ఆపరేషన్‌కు వాడిన పనిముట్టు మామూలు గోరుకత్తెరే! గిలటిన్ రకం అంటారే, రంధ్రంలో గోరు దూర్చి నొక్కితే బ్లేడు జారి తెగుతుంది, అది. కొసకు పెడితే గోరు తెగుతుంది, లోపలిదాకా దూర్చి నొక్కితే ఎముక తెగుతుంది. అదే చెయ్యి, అదే కత్తెర. తేడా అంగుళం కూడా లేదు.

ఎముక పూర్తిగా రాకపోతే ముక్కలు లోపలే ఉండిపోతాయి. 2018లో ప్రచురించిన ఒక అధ్యయనంలో డీక్లా చేసిన 137 పిల్లుల్నీ, చెయ్యని 137 పిల్లుల్నీ పోల్చి చూశారు. చేసినవాటిలో 63 శాతం పిల్లుల ఎక్స్‌రేల్లో ఎముక ముక్కలు మిగిలి కనిపించాయి. నడుంనొప్పి, మట్టిపెట్టెలో కాకుండా ఇల్లంతా పాడుచెయ్యడం, కరవడం కూడా వాటిలోనే ఎక్కువ. ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదు. కోసిన వేళ్ళతో మట్టి తవ్వడం నొప్పి, కాబట్టి మెత్తటి తివాచీ వెతుక్కుంటుంది. గోళ్ళు లేవు, కాబట్టి బెదిరితే పళ్ళు వాడుతుంది. సోఫాను కాపాడబోయి తివాచీ పోగొట్టుకున్నారు, గీతలు తప్పించుకోబోయి కాట్లు తెచ్చుకున్నారు. ఒక బగ్ మూసి రెండు బగ్‌లు తెరిచే పాచ్‌లు మనకు కొత్తేం కాదు గదా. మన పాచ్‌కు రోల్‌బ్యాక్ ఉంటుంది, దీనికి లేదు.

మధ్యలో ఇంకో వర్కరౌండ్ కూడా వచ్చింది. ఎముక జోలికి పోకుండా, గోరును బయటికి చాచే స్నాయువును మాత్రం కోసేస్తారు. గోరు ఉంటుంది, చాచడం రాదు. బాగానే ఉందే అనిపిస్తుంది. కానీ గోకి పైపొర ఊడగొట్టుకోలేని పిల్లికి గోళ్ళు మందంగా పెరిగి అరికాలి మెత్తల్లోకి గుచ్చుకుంటాయి. కాబట్టి ఏం చెయ్యాలయ్యా అంటే, బతికినన్నాళ్ళూ క్రమం తప్పకుండా గోళ్ళు కత్తిరించాలి! కత్తిరించే పని తప్పించుకోవడానికి ఆపరేషన్ చేయించి, మళ్ళీ అక్కడికే వచ్చారు.

యూరప్ ఈ దారిలోకి రాలేదు. 1987లో స్ట్రాస్‌బర్గ్‌లో సంతకాలకు పెట్టిన పెంపుడు జంతువుల రక్షణ ఒప్పందంలో, వైద్యపరమైన అవసరం లేకుండా చెయ్యకూడని ఆపరేషన్ల జాబితాలో డీక్లాయింగ్ పేరు స్పష్టంగా ఉంది. ఇంట్లో పెరిగే పిల్లులూ, ఖరీదైన సోఫాలూ అక్కడా ఉన్నాయి. కాబట్టి వేరే దారి లేక చేశాం అన్న వాదన నిలవదు.

అమెరికాలో మార్పు మొదలైంది పులులూ సింహాల దగ్గర. జెన్నిఫర్ కాన్రాడ్ అనే పశువైద్యురాలు, గోళ్ళు తీయించిన పెద్ద పిల్లిజాతి జంతువులు కుంటుతూ నడవడం చూసి వాటి పంజాలకు మరమ్మతు ఆపరేషన్లు చేసింది, ఆ తర్వాత పా ప్రాజెక్ట్ అనే సంస్థ పెట్టి ఇంటి పిల్లుల తరఫున ప్రచారం చేపట్టింది. 2003లో కాలిఫోర్నియాలోని వెస్ట్ హాలీవుడ్ నగరం డీక్లాయింగ్‌ను నిషేధించింది, ఉత్తర అమెరికాలో ఇదే మొదటిది. అక్కడి పశువైద్యుల సంఘం కోర్టుకెళ్ళింది. కింది కోర్టులో గెలిచింది, 2007లో పై కోర్టులో ఓడింది. ఆ తర్వాత, వైద్యవృత్తి చెయ్యగలిగిన పనుల్ని నగరాలు నిషేధించకూడదని రాష్ట్రం ఒక చట్టం తెచ్చింది, 2010 జనవరి నుంచి అమలు. గడువు చూసుకుని లాస్ ఏంజిలిస్, శాన్ ఫ్రాన్సిస్కో సహా ఏడు నగరాలు 2009 ఆఖర్లో గబగబా నిషేధాలు చేసేశాయి! కోడ్ ఫ్రీజ్‌కు ముందురోజు చెకిన్‌ల హడావుడి గుర్తొచ్చింది నాకు.

రాష్ట్రం మొత్తానికి నిషేధం పెట్టిన మొదటి రాష్ట్రం న్యూయార్క్, 2019 జులైలో. మేరీల్యాండ్ 2022లో, మసాచుసెట్స్ 2025 మొదట్లో చట్టాలు చేశాయి. అంతా మొదలైన కాలిఫోర్నియాలో మాత్రం రాష్ట్రవ్యాప్త చట్టం 2025లో గానీ రాలేదు. 2020లో దేశమంతటా శాఖలున్న పెద్ద పశువైద్యశాలల గొలుసులు అవసరం లేని డీక్లాయింగ్ మానేశాయి. షికాగో లేఖ నుంచి లెక్కేస్తే డెబ్భై ఏళ్ళు. ఒక చెడ్డ డిఫాల్టు మార్చడానికి అంత కాలం పట్టింది.

కాకతాళీయమే అనుకోండి, ఆ లేఖ అచ్చయిన 1952లోనే మన దేశంలో రుక్మిణీదేవి అరుండేల్ రాజ్యసభకు నామినేట్ అయ్యారు. జంతుహింస మీద ఆవిడ పెట్టిన ప్రైవేటు బిల్లే 1960 నాటి చట్టానికి దారితీసింది. పిల్లిగోళ్ళ పేరు అందులో లేదు గానీ, జంతువును అంగహీనం చెయ్యడం నేరమని 11వ సెక్షన్‌లో ఉంది.

డాలస్ కుర్రాడి దగ్గరికొస్తే, టెక్సస్‌కు ఇలాంటి రాష్ట్ర నిషేధం లేదు. లీజు కోసం డీక్లా చేయించమని ఇంటివాళ్ళు అడగకూడదని కాలిఫోర్నియా 2012లోనే చట్టం చేసింది గానీ, అది అక్కడికే. నేను చెప్పిందల్లా పైన రాసిందే. అతను ఎక్కువ డిపాజిట్ కడతానన్నాడు, వాళ్ళు ఒప్పుకోలేదు, వేరే అపార్ట్‌మెంటు చూసుకున్నాడు. ఆఫీసుకు పది మైళ్ళు దూరం పెరిగింది. పిల్లికి పది వేళ్ళు మిగిలాయి.

సరే, గొడ్డలి సంగతి అయింది. గోటి సంగతేంటి? ఇంట్లోనే ఉండే పిల్లి అయితే ఇలా చెయ్యండి.

తిండి తిని మగతగా పడుకున్నప్పుడు మొదలెట్టండి, ఆటలో ఉన్నప్పుడు వద్దు. మొదటి వారం కత్తెరే తియ్యకండి. ఊరికే పంజా పట్టుకోవడం, వేలు నొక్కడం, వదిలెయ్యడం, ఏదైనా ఇష్టమైంది పెట్టడం, అంతే. పిల్లలప్పుడే అలవాటు చేస్తే జన్మంతా సుఖం. మన నెయిల్ కట్టర్ గోటిని నలిపి చీల్చే అవకాశం ఉంది, పెంపుడు జంతువుల కోసం అమ్మే చిన్న కత్తెర కొనుక్కోండి.

బొటనవేలితో పైనుంచీ చూపుడువేలితో కింది మెత్త మీదా మృదువుగా నొక్కితే గోరు బయటికొస్తుంది. వెలుతురులో చూస్తే లోపల గులాబిరంగు భాగం కనిపిస్తుంది. అందులో నరమూ రక్తనాళమూ ఉంటాయి, దాని జోలికి పోకూడదు. దానికి కనీసం రెండు మిల్లీమీటర్లు ఇవతలే ఆగి, పారదర్శకంగా ఉన్న కొక్కెం కొసను మాత్రం కత్తిరించాలి. గోరు నల్లగా ఉండి లోపల కనిపించకపోతే మరీ కొసంటూ కొస తియ్యండి. తక్కువ తీస్తే నష్టం లేదు, వచ్చే వారం మళ్ళీ తియ్యొచ్చు.

కాలు వెనక్కి లాక్కుంటే వదిలెయ్యండి. ఒక పూటలో పదీ అవ్వాలని రూలేం లేదు, రోజుకు రెండు గోళ్ళయినా చాలు. అణచిపట్టి చేస్తే ఈసారి పని అవుతుంది గానీ, వచ్చేసారి మీరు కత్తెర తియ్యగానే మంచం కిందకు పోతుంది. ముందుకాలి లోపలివైపు బొటనవేలి గోరును మాత్రం మర్చిపోవద్దు. అది నేలకు తగలదు, అరగదు, చుట్టుకుని మెత్తలోకి గుచ్చుకుంటుంది. ముసలి పిల్లుల్లో ఇది మరీ ఎక్కువ. పొరపాటున రక్తం వస్తే కంగారుపడకుండా మొక్కజొన్న పిండి అద్ది రెండుమూడు నిమిషాలు నొక్కిపట్టండి. అప్పటికీ ఆగకపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

కత్తిరించినంత మాత్రాన గోకడం మానదు, మానకూడదు కూడా. దానికొక సొంత చెట్టు కావాలి. బరువైన పీటకు దిట్టమైన కర్ర బిగించి, కొబ్బరితాడు గట్టిగా చుట్టి, అది గోకే సోఫా పక్కనే నిలబెట్టండి. పిల్లి వెనకకాళ్ళ మీద నిలబడి పూర్తిగా సాగేంత ఎత్తుండాలి, కదలకూడదు. ఇక బయట తిరిగే పిల్లి అయితే దాని గోళ్ళ జోలికే పోకండి. వీధికుక్క తరిమితే చెట్టెక్కాల్సింది అది.

చివరిగా ఒక లెక్క. పిల్లి 15 ఏళ్ళు బతుకుతుందనుకుందాం. మూడు వారాలకోసారి అంటే ఏడాదికి 17 సార్లు, మొత్తం 255. ఒక్కోసారికి ఐదు నిమిషాలు వేసుకుంటే 1,275 నిమిషాలు, అంటే దాదాపు 21 గంటలు. మనలో చాలామంది ఒక్క ప్రొడక్షన్ రిలీజుకు ఒక వీకెండులో అంతకంటే ఎక్కువే కూర్చున్నవాళ్ళం. పదిహేనేళ్ళలో ఆ 21 గంటలు మిగుల్చుకోవడానికి పది వేళ్ళ ఎముకలు ఖర్చుపెట్టారు. నేను చూసిన ఆప్టిమైజేషన్లలో ఇంతకంటే అన్యాయమైంది ఇంకోటి లేదు.